తగ్గిన బిరుదు, తగ్గిన నేల

చైనాను 1644 నుంచి 1912 వరకు ఏలిన మంచూల చింగ్ వంశంలో తండ్రి బిరుదు కొడుక్కి యథాతథంగా దక్కేది కాదు. తండ్రి మొదటి శ్రేణి రాకుమారుడైతే కొడుకు రెండో శ్రేణివాడు, మనుమడు మూడో శ్రేణి ‘బెయిలె’, అతని కొడుకు నాలుగో శ్రేణి ‘బెయిసె’. ఒక మెట్టు దాకా వచ్చాక ఈ దిగుడు ఆగేది. వారసత్వం ఒక్క కొడుకుదే. తక్కినవాళ్లు అంతకంటే చిన్న బిరుదు కోసం పరీక్ష ఇవ్వాలి: మంచూ భాషలో అనువాదం, నేల మీద నిలబడి బాణం వేయడం, గుర్రం మీద నుంచి బాణం వేయడం. తాతగారి పరాక్రమం మనుమడి చేతికి అదే పాళ్లలో రాదని ఒప్పుకున్న చట్టం ఇది. ఒక సామ్రాజ్యం తన సొంత రక్తం విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉండడం నాకు గొప్పగా తోస్తుంది.

ఉత్తరాంధ్రలోని విజయనగరం జమీందార్లు పూసపాటివారి చరిత్రను దీని పక్కన పెట్టి చదివితే లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ తరిగింది నేల. బిరుదు చెక్కు చెదరలేదు. పేష్‌కష్ (కప్పం) బకాయిల దగ్గర ఈస్టిండియా కంపెనీతో ముదిరిన తగవులో చిన విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో ప్రాణం విడిచాడు. ఆయన కొడుకు నారాయణ బాబుకు జమీందారీని తిరిగి ఇచ్చారు గాని బాగా కుదించి ఇచ్చారు. అంతకుముందు విజయనగరం చెప్పుచేతల్లో ఉన్న కొండ జమీందార్లు విడిపోయారు. పూసపాటివారి ‘గజపతి’ అన్న పేరు మాత్రం పూర్తిగా నిలిచింది. పొరుగు సంస్థానం బొబ్బిలి కథ మరీ ఆశ్చర్యం. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు కోటే నేలమట్టమైంది. అయినా అక్కడి రాజుల ‘రంగారావు’ బిరుదు బతికింది, తర్వాత దాని వెనకే జమీందారీ కూడా తిరిగి వచ్చింది.

మంచూల్లోనూ తరగని బిరుదులు ఉండేవి. వాటిని ‘ఇనుప టోపీ’ బిరుదులన్నారు. చైనాను జయించిన నాటి యోధుల ఇళ్లు ఎనిమిదింటికి మొదట దక్కాయి. తర్వాతి కాలంలో మరో నాలుగు కలిసి మొత్తం 12 అయ్యాయి. ఆ యోధుల్లో దోర్గోన్ కథ చెప్పుకోదగ్గది. చనిపోయాక అతని బిరుదు ఊడబెరికారు, 1778లో చియన్‌లుంగ్ చక్రవర్తి దాన్ని తిరిగి ఇచ్చాడు. ఇవ్వాలన్నా తీయాలన్నా అక్కడ సింహాసనానికే చెల్లింది. బొబ్బిలి కీర్తిని కాపాడిన చేతులు వేరు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి పేరును ఊరూరా మోసినవాళ్లు కథ చెప్పుకు బతికిన జంగాలు. ఏ రాజముద్రా చేయలేని పని తంబురా చేసింది.

బ్రిటిషువాళ్ల కాలంలో వంశానికిచ్చే బిరుదు, మనిషికిచ్చే బిరుదు వేరువేరయ్యాయి. రెండోది అతనితోనే పోయేది. దీన్ని మంచూ పద్ధతికి దగ్గరి చుట్టంగా చూసేవాళ్లున్నారు. నేను చూడను. ఇందులో అర్హతకు పరీక్ష లేదు, దొరల మెప్పు ఉంది.

పరీక్ష లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి విజ్జీ చాలు. పూసపాటి ఇంట రెండో కొడుకు, జమీందారీ అన్నగారిది, ఈయనకు మిగిలింది ‘మహారాజకుమార్’. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. మూడు టెస్టుల్లో కలిపి చేసిన పరుగులు 33. మేటి ఆటగాడు సి.కె. నాయుడు అదే జట్టులో ఒక ఆటగాడిగా ఉన్నాడు. మంచూ ఇంటి చిన్నకొడుకైతే ముందు బాణం వేసి చూపించాల్సి వచ్చేది.

రెండు వ్యవస్థల్లోనూ బిరుదుకు కూడు పెట్టినవాడు రైతే. చింగ్ రాకుమారులకు భత్యాలు, ధాన్యం, ఎస్టేట్లు ఉండేవి. మన రాజులకు శిస్తులు. మందస జమీందారీలో అడవి కట్టెల మీద హక్కు కోసం రైతులు తిరగబడ్డప్పుడు, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. అరెస్టయిన రైతుల కోసం అడ్డు నిలిచిన గర్భిణి సాసుమాను గున్నమ్మ ఆ తూటాలకు బలైంది. శ్రీకాకుళం జనం ఆమెను ‘వీర గున్నమ్మ’ అన్నారు. ఈ నేల మీద ఎవరూ దానం చేయకుండా, ఎవరి నుంచీ వారసత్వంగా రాకుండా పుట్టిన బిరుదు అది. గజపతికీ రంగారావుకీ సమానంగా నేను నిలబెట్టే పేరు అదొక్కటే.

ఓట్ల ముందూ బిరుదు నిలవలేదు: మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజా 1937 ఎన్నికల్లో తన సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. ఆ తర్వాత కూడా పూసపాటి పేరు నిలిచిందంటే, 1958లో పి.వి.జి. రాజు నెలకొల్పిన మాన్సాస్ ట్రస్టు, దాని విద్యాసంస్థలు అందుకు పెద్ద కారణం. ఉత్తరాంధ్ర సంస్థానాల చరిత్ర రాసేవాళ్లకు ఒక్క విన్నపం: వంశవృక్షాలు గీసే పుస్తకంలోనే గున్నమ్మకు ఒక అధ్యాయం ఇవ్వండి.