చేయి పట్టుట, చేపట్టుట

పటాన్‌చెరువు పేరు వినగానే నేటివారికి కర్మాగారములును పొగగొట్టములును తలపునకు వచ్చును. కావ్యప్రియులకు మరియొకటియు తోచవలెను. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున (1550–1580) ఆ యూరితో సంబంధముగల అమీన్‌ఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రము నంకిత మిచ్చెను. అది తొలి అచ్చతెలుగు కావ్యమని ప్రసిద్ధి.

సంస్కృతపదము దొరలకుండ వ్రాయుట గొప్ప సాము అని మెచ్చుకొని పలువురు ఈ గ్రంథమును మూసివేయుదురు. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. మాటల కులమెంచుట చాలించి, వాక్యమున ఎవరు కర్త, ఎవరు కర్మ యని యడుగవలెను.

భారతకథలో నూతబడిన దేవయానిని యయాతి కుడిచేయి పట్టి వెలికి తీసెను. పిమ్మట వనమున మరల కలిసినపుడు, నా చేయి పట్టితివి గనుక నీవే నా భర్తవని ఆమె వాదించెను. సంస్కృతమున ‘పాణిగ్రహణ’ మను నొక్కమాటయే ఆ వాదమును మోయగలదు. తెలుగున రెండు తీరులు గలవు. ‘యయాతి దేవయాని చేయి పట్టెను’ అన్నచో కర్మ చేయి. దేవయాని షష్ఠిలో నిలిచి ఆ చేతికి యజమానురాలై యుండును. ‘యయాతి దేవయానిని చేపట్టెను’ అన్నచో చేయి క్రియలో కరగిపోయి, దేవయానియే ద్వితీయలోనికి వచ్చి కర్మ యగును. మొదటిది సాయము, రెండవది పెండ్లి. లోకవ్యవహారమున మొదటిది రెండవదానిలోనికి జారుట కలదు. దేవయాని పట్టుకొన్నది ఆ జారుడునే! తాను కర్మయగు వాక్యమును తానే పలికినది.

అయినను తొందర కూడదు. ‘వచ్చినది’ అను రూపము స్త్రీకిని ఆవునకును రాతికిని ఒక్కటే. బాలవ్యాకరణమున చిన్నయసూరి స్త్రీలను మహత్తులనుండి వేరుచేసిన సూత్రము చూచి కవులందరును స్త్రీలను చిన్నచూపు చూచిరనుట తప్పు. అది భాష విధించినది. కవి యెన్నుకొన్నది కాదు.

తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీలో ఈ నిర్బంధము మరింత గట్టిది. పెండ్లి విషయమున పురుషునకు ‘ఓవా’ అను కర్తరిరూపము, స్త్రీకి ‘ఓలేవా’ అను కర్మణిరూపము వాడుక. మ్వానా కుపోనా అను కవయిత్రి 1858లో కూతునకు గృహధర్మములు చెప్పుచు ఒక దీర్ఘకావ్యము రచించెను. అట్టి కావ్యమున ‘ఓలేవా’ కనబడినంతనే తల్లి మనసు నిర్ణయింపరాదు. ఆమె స్వేచ్ఛగా నెన్నుకొన్న క్రియ లెవ్వియో వెదకవలెను.

యయాతిచరిత్రమును మరల తెరచువారు ‘చేయి’ ఎక్కడ చేయిగానే యున్నదో, ఎక్కడ క్రియలో కలిసినదో గుర్తుపెట్టుకొని చదువుదురు గాక. శర్మిష్ఠ సంగతి వేరు. ఆమెను దేవయానికి దాసిగా నిచ్చిరి. ఆ వాక్యమున చేతి ప్రసక్తియే లేదు.