విజ్ఞానకల్పనకు పాండవానీ పాఠం

టెలివిజన్ కోసం రచించే విజ్ఞానకల్పన కథలను గూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల ఒక ప్రశ్న వినబడుతుంది: వాటిలో ధర్మవిచారం ఎంత ఉండవలెను, సాహసం ఎంత ఉండవలెను? ఈ రెండింటినీ రెండు సరుకులుగా భావించి త్రాసులో తూచుటయే ఈ ప్రశ్నలోని లోపం. ప్రేక్షకుని రంజింపజేయుటకు కొంత పోరు, అతని సంస్కారానికి కొంత నీతి అని పంచిపెట్టిన కథలో పోరు నడుస్తున్నంతసేపు నీతి నిద్రిస్తుంది. నీతి మాట్లాడనారంభించగానే ప్రేక్షకుడు నిద్రిస్తాడు.

ఈ పంపకం పాతదే. అమెరికాలో జీన్ రాడెన్‌బెరీ 'స్టార్ ట్రెక్' కోసం సిద్ధపరచిన తొలి నమూనా భాగాన్ని, ఆలోచన మరీ ఎక్కువైనదని, 1965లో ఎన్.బి.సి. సంస్థ త్రోసిపుచ్చి మరొకటి కోరింది. రెండవ నమూనాలో ముష్టియుద్ధం చేరింది. 1966లో ధారావాహిక ప్రసారం ఆరంభమైంది. సంస్థ అడిగినది తూకం. ఆ ధారావాహికలోని మేలైన రచనలు ఇచ్చినది మాత్రం వేరు.

1967లో ప్రసారమైన 'ఎ టేస్ట్ ఆఫ్ ఆర్మగెడాన్' అనే భాగాన్ని చూడవచ్చును. అందులో రెండు గ్రహాలు 500 ఏండ్లుగా గణనయంత్రాలతోనే యుద్ధం సాగించుకుంటూ ఉంటాయి. బాంబు పడదు, ఇల్లు కూలదు. యంత్రం లెక్కలో మరణించినవారు మాత్రం తమంతట తామే నడిచిపోయి ప్రాణాలు అప్పగిస్తారు. నౌకాధిపతి కర్క్ ఆ యంత్రాన్ని ధ్వంసం చేస్తాడు. ఆ దెబ్బ సాహసదృశ్యమే. కథలోని వాదం కూడ అదే. బీభత్సాన్ని తొలగించుకొన్న వారు, యుద్ధాన్ని మానుకొనవలసిన కారణాన్నే తొలగించుకొన్నారు. కర్క్ ఉపన్యాసమూ ఇస్తాడు. అది లేకున్నను ఆ దెబ్బకు అర్థం చెడదు.

1969 నాటి 'లెట్ దట్ బీ యువర్ లాస్ట్ బ్యాటిల్‌ఫీల్డ్' భాగంలో ఒక సగం నలుపు, ఒక సగం తెలుపు ముఖాలు గల ఇద్దరు పరస్పరం ద్వేషించుకొంటారు. ఒకనికి కుడివైపు నలుపు, మరొకనికి ఎడమవైపు నలుపు. వైరానికి అంతకన్న కారణం లేదు. రచయిత ఉద్దేశం ఉదాత్తమైనదే. అయినను ఆ ముఖాల తేడా తెలిసిన క్షణాననే అర్థమంతా తెలిసిపోతుంది. తరువాతి పరుగులు దానికి చేర్చేది స్వల్పం. ఇక్కడ నీతి అంటించిన చీటీ వంటిది.

ఈ తారతమ్యాన్ని గ్రహించుటకు అంత దూరం పోనక్కరలేదు. భిలాయి చాలును. సోవియట్ సహకారంతో నిర్మితమై, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఈ ఉక్కునగరంలో బ్రదుకుతెరువు వెదకుకొంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడినవి. యంత్రయుగానికి గుర్తుగా నిలిచిన ఆ కర్మాగారమే పాండవానీ గాయని తీజన్ బాయికి ఉద్యోగమిచ్చింది. 1956లో భిలాయి సమీపాన గనియారీ గ్రామంలో ఆమె జన్మించింది. పాండవానీ ఛత్తీస్‌గఢీలో చెప్పే భారతకథ. వేదమతి శైలిలో కథకులు కూర్చుండి చెప్తారు. కాపాలిక శైలిలో లేచి నటిస్తారు. స్త్రీలు కూర్చుండి చెప్పుటయే ఆచారమైన కాలంలో తీజన్ బాయి కాపాలికను చేపట్టింది. పాడినందుకు వెలివేతను కూడ అనుభవించింది. బుర్రకథ ఎరిగిన తెలుగువారికి ఈ కళ కొత్తగా తోచదు. అక్కడి వంతల వలె ఇక్కడ 'రాగీ' ఊకొడుతూ, ప్రశ్నిస్తూ కథను ముందుకు నడుపుతాడు.

ఆమె చేతిలోని తంబూర ఒకప్పుడు గద, ఒకప్పుడు రథం, ఒకప్పుడు ద్రౌపది కేశపాశం. విమర్శకులు నిలిచి ఆలోచింపవలసినది ఇక్కడనే. గదయై లేచిన వస్తువే సభకు ఈడ్వబడిన జుట్టు కూడ అయినప్పుడు, అవమానమూ ప్రతీకారమూ విడివిడిగా నిలువవు. గద ఎందుకు లేచినదో శ్రోత మరువజాలడు. మరువనందుననే ఆ నెత్తురును చూచి ఎంతవరకు హర్షింపవచ్చునని తనను తాను ప్రశ్నించుకొంటాడు. శ్యామ్ బెనెగల్ 1988లో 'భారత్ ఏక్ ఖోజ్' ధారావాహికలోని భారతకథకు ఈమె పాండవానీని ఉపయోగించుకొన్నాడు. టెలివిజన్ తెరపై ఒక స్త్రీ, ఒక తంబూర కురుక్షేత్రాన్ని నిలువబెట్టగలవని దానివలన రుజువైనది.

ఇది పురాణకథ కదా, విజ్ఞానకల్పనకు దీనితో ఏమి సంబంధమని అడుగవచ్చును. తిక్కన తెనిగించిన భాగంలోనిదే సౌప్తికపర్వం సమాధానం చెప్తుంది. అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ మహాస్త్రాలు ప్రయోగిస్తారు. వ్యాసనారదులు నడుమ నిలువగా అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరిస్తాడు. అశ్వత్థామకు ప్రయోగం తెలుసును, ఉపసంహారం చేతకాదు. ఆ అస్త్రం పాండవుల సంతతిపైకి, గర్భస్థ శిశువుపైకి మళ్లుతుంది. అణ్వాయుధాలను గూర్చి, మనిషి మాట వినని యంత్రాలను గూర్చి వ్రాసే ప్రతి కథకూ మూలప్రశ్న ఇదియే. ఈ ఘట్టంలో అర్జునుని పరాక్రమం వెనుకకు తీసుకొనుటలో ఉన్నది.

1998లో దూరదర్శన్ ప్రసారం చేసిన 'కెప్టెన్ వ్యోమ్'లో తప్పించుకొన్న నేరస్థులను పట్టుకొనుట కథాసూత్రం. భారతీయ బాలురకు అంతరిక్షాన్ని తమ భాషలో చూపిన ఆ ప్రయత్నం ప్రశంసనీయం. కాని వేట వెంట వేట సిద్ధంగా ఉన్న నిర్మాణంలో పట్టుకొనే చేతికి సందేహం కలిగే చోటు తక్కువ. సందేహం లేని చేతికి ధర్మంతో పనిలేదు.

విజ్ఞానకల్పన వ్రాయదలచిన తెలుగు రచయిత వేసుకొనవలసిన ప్రశ్న, కథలో నీతి ఎంత అని కాదు. ఈ పని చేయకుండుటకు పాత్రకు వీలున్నదా, చేసినను మానినను ఎవరు నష్టపడతారు అని. ఉక్కు కర్మాగారంలో మీట మీద చేయి వేసే కార్మికుడు ముందు ఎవరు ఎక్కడ నిలిచి ఉన్నారో చూచుకొంటాడు. ఆ చూపులో ఉత్కంఠ ఉన్నది, బాధ్యతా ఉన్నది. భిలాయిలోని తెలుగువారికి అది నిత్యానుభవం. ఆ అనుభవం ఇంకను కథగా తెరకెక్కవలసి యున్నది.