రంగు కింది పనితనం

కొత్త బీరువా నిగనిగలాడితే రంగును మెచ్చుకుంటాం. ఆ రంగు ఏళ్లపాటు నిలిస్తే మెచ్చుకోవాల్సింది రేకును కడిగినవాళ్లను. బాలానగర్, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల్లో ఈ పని వరస ట్యాంకుల్లో సాగుతుంది. వేడి సోడా ద్రావణంలో జిడ్డు వదులుతుంది, యాసిడ్‌లో తుప్పు కరుగుతుంది. ఆపైన జింక్ ఫాస్ఫేట్ ట్యాంకులో బూడిదరంగు పొర కడుతుంది. రంగు పట్టుకునేది దాన్నే. ప్రతి మునక తర్వాతా మంచినీళ్ల కడుగు తప్పదు. యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంచితే అది ఇనుమునే తినేస్తుంది.

జిడ్డు పోయిందో లేదో తేల్చడానికి యంత్రం అక్కర్లేదు. పనివాడు రేకును నీళ్లలోంచి ఎత్తి ఏటవాలుగా పట్టుకుంటాడు. నీరు తెగకుండా పరుచుకుంటే సరే; ఎక్కడైనా విడిపోయి చుక్కలు కట్టిందా, మళ్లీ మొదటి ట్యాంకుకే. ఘాటు ఆవిర్ల మధ్య నిలబడి అంత పట్టుదలగా చూసే ఆ కన్నుకు దండం పెట్టాల్సిందే.