యూనిట్ ఇసుకలో ఇసుక ఎంత?

తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో ఉన్న మా వడమాలపేటలో, ఇల్లు కట్టే మేస్త్రి నోట మీటరు మాట వినపడదు. గోడ ఇన్ని అడుగులు, సంపు ఇంత లోతు, ఇసుక ఇన్ని యూనిట్లు, అంతే. దేశంలో మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు 1న మొదలయ్యాయి. సిమెంటు కిలోల్లో వస్తుంది, నీళ్లు లీటర్లలో, ప్రభుత్వ ఎస్టిమేట్లు ఘనపు మీటర్లలో. పని జరిగేచోట మాత్రం అడుగే. దానితో నాకు పేచీ లేదు. తంటా అంతా ఒక లెక్కలోంచి ఇంకో లెక్కలోకి దాటేచోటే.

మీటరంటే 3.28 అడుగులని అందరికీ తెలుసు. ఘనపు మీటరంటే ఎన్ని ఘనపుటడుగులు అని అడిగితే, డిగ్రీలున్నవాళ్లు కూడా అదే అంకె చెప్పేస్తారు. పొడవూ వెడల్పూ లోతూ మూడూ మారతాయి కదా! 3.28ని మూడుసార్లు వేసి హెచ్చిస్తే 35.3 వస్తుంది. యూనిట్ అంటే వంద సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు), అంటే 2.83 ఘనపు మీటర్లు.

సంపు లెక్క తేలికే. లోపల పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు ఉంటే 300 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున దాదాపు 8,500 లీటర్లు. పైన అరడుగు వెలితి ఉంచితే 850 లీటర్లు తగ్గినట్టే.

నీళ్లు ఇలా లెక్కకు లొంగుతాయి. ఇసుక లొంగదు. రేణువుల చుట్టూ పట్టిన నీటి పొర వాటిని ఎడంగా నెడుతుంది. అయిదు శాతం తేమకే సన్న ఇసుక పాతిక నుంచి ముప్ఫై శాతం దాకా పొంగుతుంది. వంద అడుగులకు డబ్బు కట్టి ఎనభై అడుగులు దించుకుంటున్నాం. ట్రాలీ నిండుగానే ఉంటుంది, టేపు అబద్ధమాడదు, అయినా నష్టం మనదే. (మానికతో వడ్లు కొలిచే రోజుల్లోనూ కుప్పగా పోశారా, పైన చదును చేశారా అన్న తగువు ఉండేదే.) 2019లో రాష్ట్ర ప్రభుత్వం స్టాక్‌యార్డుల్లో ఇసుకను టన్ను 375 రూపాయలకు అమ్మింది. ఆ ధర మీద ఎన్ని గొడవలున్నా, తూకం పద్ధతి మాత్రం సరైనదే అంటాను. అదే అయిదు శాతం తేమ తూకంలో అయిదు శాతమే కలుపుతుంది.

సిమెంటు, ఇసుక కలిపే దగ్గరా ఇదే తిరకాసు. 50 కిలోల సిమెంటు బస్తా దాదాపు 35 లీటర్లు. 40, 35, 25 సెంటీమీటర్ల కొలతలతో పెట్టె చేయిస్తే సరిగ్గా అంతే పడుతుంది. ఒకటికి ఆరు పాళ్లని చెప్పి పొంగిన ఇసుక ఆరు పెట్టెలు పోస్తే, నిజంగా పడేది అయిదు కూడా కాదు. గోడకు వచ్చిన ముప్పేమీ లేదు, సిమెంటు ఖర్చే పెరుగుతుంది. తట్టలతో పోస్తే ఆ లెక్క కూడా ఉండదు.

మనకు వానలు జోరుగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో ఇల్లు మొదలుపెట్టేవాళ్లు ట్రాలీ దించకముందే ఒక గాజు సీసాలో ఆ ఇసుక పోసి ఎత్తు గుర్తుపెట్టండి. ఇసుక తీసి, సగం నీళ్లు నింపి, మళ్లీ అదే ఇసుక పోసి కలియబెట్టండి. ఇరవై సెంటీమీటర్లది పదహారుకు దిగితే పొంగు పాతిక శాతం. బేరం ఆ పదహారు మీద ఆడండి.