పిడిలో దాగిన దారి

మట్టిపాత్రను పనికొచ్చే వస్తువుగానో, అలంకారంగానో అంచనా వేయడం విమర్శకులకు అలవాటు. ఇంగ్లండులో ‘పజిల్ జగ్’గా ప్రసిద్ధమైన కూజాకు ఈ రెండు కొలతలూ చాలవు. అది తాగేవాడి ముందుంచిన పొడుపుకథ. 17, 18 శతాబ్దాలలో అక్కడి పానశాలల్లో దానికి విశేష ప్రచారం ఉండేది. మెడ నిండా పువ్వుల వంటి చిల్లులు ఉండటంతో, మామూలుగా వంచితే పానీయమంతా తాగేవాడి దుస్తుల పాలవుతుంది.

కిటుకంతా పిడిలో ఉంది. కూజా లోపలి నుంచి మొదలైన సన్నని దారి బోలు పిడి గుండా పైకెక్కి, గొట్టంలాంటి అంచు చుట్టూ తిరిగి, అంచుకు అమర్చిన ముక్కులలో తేలుతుంది. ఒక ముక్కును నోట ఉంచుకుని, మిగిలిన వాటితోపాటు పిడి చాటునున్న చిన్న రంధ్రాన్ని కూడా వేళ్లతో మూసి పీలిస్తేనే పానీయం అందుతుంది. ఆ రంధ్రాన్ని గుర్తించనివాడికి దక్కేది గాలే. అనేక కూజాలపై పందేనికి పిలిచే పద్యాలు కనిపిస్తాయి. అంటే ఇది ఒంటరిగా తాగేవాడికి కాదు, చుట్టూ చేరి నవ్వేవారికి కూడా ఉద్దేశించిన కళ.

కుమ్మరి నేర్పులో ముఖ్యభాగం కంటికి కనిపించదు. అతుకు వద్ద మట్టి లోపలికి చేరినా, గాజుపూత రంధ్రాన్ని కమ్మినా శ్రమ వృథా. చిల్లుల మెడ కాల్పులో కుంగకుండా నిలవాలి. 1300 ప్రాంతంలో ఫ్రాన్సులోని సాంతోంజ్‌లో తయారై, నేడు ఎక్సెటర్‌లోని రాయల్ ఆల్బర్ట్ మెమోరియల్ మ్యూజియంలో ఉన్న కూజాలో పైన పోసిన ద్రవం బోలు పిడి గుండానే అడుగుకు చేరుతుంది. ఆ నేర్పు అంత పాతది.

మన వాసుదేవ పాత్రలో నీరు బాలకృష్ణుని పాదాన్ని తాకగానే, లోపలి వంపుగొట్టం పాత్రను ఖాళీ చేస్తుంది. అక్కడ యంత్రం యమున దారిచ్చిన కథను చెబుతుంది. పానశాల కూజాలో కథ లేదు, మనుషుల పోటీ ఉంది. అందుకే అద్దాల బీరువాలో అది సగమే కనిపిస్తుంది. మూలవస్తువు పక్కన నిలువుకోత చిత్రాన్ని, చేతికిచ్చి చూపగల నకలును ఉంచినప్పుడే కుమ్మరి పనికి సరైన అంచనా దొరుకుతుంది. పరిరక్షణ పేరిట ఆకారాన్ని మాత్రమే కాపాడి, వాడకాన్ని మరిచిపోవడం సగం నష్టమే.