గడ్డి తరఫున

లహైనాను తగలబెట్టిన గడ్డి ఇదేనంటూ ఈ వారం నా ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. మన పాడిరైతులు కొబ్బరితోటల నీడలో వేసుకునే గినీ గడ్డిని నిషేధించాలట. నాకు గడ్డి తరఫున కోపం వచ్చింది.

2023 ఆగస్టు 8న హవాయి దీవుల్లోని ఆ ఊళ్లో వందమందికి పైగా చనిపోయారు. నిప్పు కరెంటు తీగల నుంచి పుట్టింది, దాన్ని ఇళ్లదాకా మోసింది ఎండుగడ్డి. నిజమే. కానీ ఆ గడ్డి పెరిగిన నేలలో ఒకప్పుడు చెరకు ఉండేది. 1999లో అక్కడి పయనీర్ మిల్లు మూతపడింది, పొలాలు బీడుపడ్డాయి. పశువుల మేతకని తెచ్చిన గినీ లాంటి ఆఫ్రికా గడ్డి ఆ బీళ్లలో మనిషిని మించి ఎదిగింది. కాలినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. అక్కడి సొంత మొక్కలు చాలావాటికి ఆ శక్తి లేదు.

కోసేవాళ్లు లేని చోటే గడ్డి శత్రువవుతుంది. మన కాలవగట్లదీ అదే కథ, అందుకే గట్ల మీద గడ్డిమందు కొట్టొద్దన్నది నా పాత గోల. మా చిన్నప్పుడు గోదావరి కాలవగట్ల మీద గడ్డికి పోటీ ఉండేది. తెల్లారేసరికి కొడవలితో వెళ్లకపోతే పక్కింటివాళ్లు కోసుకుపోయేవారు. మా మేనత్త పచ్చిగడ్డినే తాడులా పేని, మోకాలితో అదిమి మోపు కట్టేది. ఇంటికొచ్చేదాకా పరక జారేది కాదు. ముదిరితే గేదె ముట్టదని వెన్ను తీయకముందే కోసేది. ఇక విత్తనం రాలే వీలెక్కడ? ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయాయి, మోపులు పోయాయి. అదే గట్టు, అదే గడ్డి. ఇప్పుడు దాన్ని కలుపంటున్నాం.

కాబట్టి గినీ గడ్డిని నిక్షేపంగా వేసుకోండని రాద్దామనే కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ కోనసీమలో తోట కొని, రెండు గేదెలు కట్టి, రెండెకరాల్లో ఈ పిలకలు నాటించేవాళ్లు నాకు తెలుసు. మొదటి కోత రెండున్నర నెలలకు, ఆపైన నెలన్నరకోసారి కోయాల్సిందే. రెండు గేదెలు రోజుకు అరవై కిలోలు తిన్నా ఆ గడ్డిలో సగం కూడా తరగదు. మిగిలింది గింజ కట్టి రాలి, కాలవ గట్టెక్కుతుంది. ఆ తడినేలలో మంటల భయం తక్కువే. నా భయమంతా గట్ల గురించి, వాటి వెనకాలే వచ్చే మందు డబ్బాల గురించి.

అలా దూరాన ఉండేవాళ్లు వేయొద్దు. కోసే మనిషి రోజూ తోటలో ఉంటే రెండు గేదెలకు పాతిక సెంట్లు నాటండి. మూడో గేదెను కొన్నాకే ఇంకో పది సెంట్లు.