గడప బయట నిలబడ్డ ప్రేమలు

వికరీ వంతెన మీంచి పికప్ ట్రక్కు ఒకటి ఏట్లో పడిపోతుంది. లోపల ఇద్దరున్నారు: ఎలీనా గిల్బర్ట్, ఆమెతో కలిసి పెరిగిన మ్యాట్. స్టెఫాన్ సాల్వటోర్ నీళ్లలో దూకి వాళ్ల దగ్గరికి చేరేసరికి మ్యాట్‌కి స్పృహ లేదు. ఎలీనాకి ఉంది. నన్ను కాదు, ముందు అతన్ని తీసుకెళ్లమని తల అడ్డంగా ఊపి చెబుతుంది. స్టెఫాన్ వాంపైర్. ట్రక్కు తలుపు పీకెయ్యడం అతనికో లెక్క కాదు, ఆమె వద్దన్నా లాక్కెళ్లిపోగలడు. అయినా మాట విన్నాడు. మ్యాట్‌ని ఒడ్డుకి చేర్చేలోపు ఎలీనా ప్రాణం పోయింది.

అమెరికాలో సీడబ్ల్యూ చానల్ 2012 మే 10న చూపించిన 'ది వాంపైర్ డైరీస్' మూడో సీజన్ చివరి ఎపిసోడ్ ఇది. ఆస్పత్రిలో డాక్టరు చేసిన వైద్యం వల్ల ఎలీనా ఒంట్లో అప్పటికే వాంపైర్ రక్తం ఉంది. కాబట్టి ఆమె లేచి కూర్చుంటుంది, కాకపోతే తను ఎన్నడూ కాకూడదనుకున్న వాంపైర్‌గా. ఆ రాత్రి స్టెఫాన్ అన్న డేమన్ ఏటి దగ్గర ఉండుంటే కథ వేరు. మ్యాట్ పోతే పోయాడు, ముందు ఆమెనే లాగేవాడు. ఆమె తర్వాత జన్మంతా అసహ్యించుకున్నా ఆ భారం మోయడానికి అతను సిద్ధం. అన్నదమ్ములిద్దరూ ప్రేమించింది ఒకే అమ్మాయిని. తమ్ముడికి ప్రేమంటే ఆమె మాట నిలబెట్టడం, అన్నకి ఆమె ప్రాణం నిలబెట్టడం. ఆ ట్రక్కులో రెండింటికీ చోటు చాల్లేదు.

ఒక అమ్మాయి, ఇద్దరు అబ్బాయిలు. ఇలాంటివి మన సినిమాల్లో కోకొల్లలు, దీనికి కోరపళ్లెందుకు అనిపించడం సహజమే. జవాబు ఆ కోరపళ్లతో పాటు వచ్చే నియమాల్లో ఉంది. మామూలు ప్రేమకథలో ఒకరి ఇష్టాన్ని ఇంకొకరు తోసిపుచ్చడం మాటల్లో, మౌనాల్లో జరిగిపోతుంది. చూసేవాడికి ఒక్కోసారి అందదు కూడా. వాంపైర్ కథలో దానికి చట్టాలున్నాయి. పిలవందే గడప దాటకూడదు. కళ్లలోకి చూసి చెబితే ఎదుటి మనిషి మనసు మారిపోతుంది. కొరికి, తన రక్తం తాగిస్తే మనిషి జాతే మారిపోతుంది. అనుమతి తీసుకున్నాడా లేదా అన్న ప్రశ్న ఇక్కడ తలుపులా, గొలుసులా, రక్తపు చుక్కలా కంటికి కనిపిస్తుంది. ఈ రకం సీరియళ్ల పనితనమంతా ఆ నియమాల్ని పాత్రల ప్రేమ మీద ప్రయోగించడంలోనే ఉంది.

దీని మూలాలు పాతవే. ఏబీసీ చానల్లో మధ్యాహ్నం పూట గృహిణులకోసం 1966 నుంచి 1971 దాకా నడిచిన 'డార్క్ షాడోస్'లోకి 1967లో బార్నబస్ కాలిన్స్ అనే వాంపైర్ వచ్చాడు. చనిపోయిన ప్రేయసి జోసెట్ కోసం తపించిపోయే మనిషి. మ్యాగీ అనే అమ్మాయిని ఎత్తుకెళ్లి, జోసెట్ బట్టలు కట్టించి, జోసెట్ మ్యూజిక్ బాక్స్ వినిపిస్తూ, నీ పేరు మ్యాగీ కాదని నమ్మించజూస్తాడు. అతని దృష్టిలో అది ప్రేమే. పోయినదాన్ని రాబట్టుకోవడానికి బతికున్న మనిషిని చెరిపేస్తున్నాననే స్పృహ అతనికి లేదు. 'వాంపైర్ డైరీస్'లో ఎలీనా ముఖం 1864లో అన్నదమ్ములిద్దర్నీ ఆడించిన క్యాథరిన్ ముఖమే కావడం ఈ వంశం నుంచి వచ్చిన ఆస్తే. ఆ క్యాథరిన్ కోసం డేమన్ సుమారు 145 ఏళ్లు ఎదురుచూశాడు, చర్చి కింద సమాధిలో బందీగా ఉందని నమ్మి. తలుపు తెరిచాక లోపల ఆమె లేదు. అసలెప్పుడూ లేదు. ఇంత కాలం తను మోసిన ప్రేమకి ఎదురుగా మనిషే లేదని తెలిసినవాడు, తర్వాత ప్రేమించిన మనిషిని అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటాడో అక్కణ్నుంచి అర్థమవుతూ వస్తుంది.

గడప సంగతికి వద్దాం. ఇంటివాళ్లు పిలవందే లోపలికి రాలేడన్న నియమం బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' (1897)లోనే ఉంది. అక్కడ అది భయానికి పనికొచ్చింది, టీవీ రచయితలు దాన్ని ప్రేమకి మళ్లించారు. 'వాంపైర్ డైరీస్' రెండో సీజన్లో క్లాస్ అనే భయంకరమైన వాంపైర్ నుంచి ఎలీనాని కాపాడాలి. సాల్వటోర్ సోదరులు తమ పాతకాలపు ఇంటిని ఆమె పేర రాసేస్తారు. లాయరు ముందు సంతకాలయ్యాక ఇల్లు ఆమెది, ఇప్పుడు అన్నదమ్ములు సొంత గుమ్మం ముందు పిలుపు కోసం నిలబడాలి. స్టెఫాన్‌ని వెంటనే రమ్మంటుంది. డేమన్‌ని మాత్రం ఆపి షరతు పెడుతుంది: ఇంటి యజమాని మాట వినాలి, నా వెనకాల ఎత్తులు వెయ్యకూడదు. ముందు కుదరదంటాడు. ఆమె మెత్తబడకపోయేసరికి సరేనంటాడు. రమ్మంటుంది.

చూడ్డానికి సరదా సన్నివేశం. రెండు ఎపిసోడ్ల తర్వాత దాని బాకీ తీరుతుంది. క్లాస్ ఆమెని బలి ఇవ్వబోతున్నాడు. చచ్చినా తిరిగి లేస్తుందని డేమన్ తన రక్తం బలవంతంగా ఎలీనా నోట్లో పోస్తాడు. ఆమె వద్దువద్దని పెనుగులాడుతున్నా వినడు. అదే ఎపిసోడ్లో స్టెఫాన్ చేసిందేమిటంటే, ఆమెని కొండ మీది జలపాతం దాకా నడిపించుకెళ్లడం. ఆ పైన నిలబడి, నాకు వాంపైర్ కావాలని లేదు, పెద్దదాన్నవ్వాలి, ఏం కావాలో నేనే తేల్చుకోవాలి అని ఆమె ఏడుస్తుంది. అతను వింటాడు. డేమన్ పోసిన రక్తం ఆ ఏడుపంతటినీ కొట్టిపారేసింది. ఇక్కడ రచయితల నేర్పు ఒకటుంది: డేమన్ వాదనలో బలం లేకుండా చెయ్యలేదు. చనిపోయిన మనిషికి ఇష్టాయిష్టాలు ఏముంటాయి? బతికుంటేనే కదా నన్ను తిట్టడానికైనా కుదిరేది? గడప దగ్గరిచ్చిన మాట తప్పాడని తెలిసీ, అతని కంగారు మనకీ అంటుకుంటుంది.

ఇక వశీకరణం. ఈ కథలో వాంపైర్ కళ్లలోకి చూసి మరిచిపో అంటే మరిచిపోవాల్సిందే. వెర్వేన్ అనే మూలిక దగ్గరుంటే ఆ శక్తి పనిచెయ్యదు. స్టెఫాన్ మొదట్లోనే ఎలీనాకి వెర్వేన్ దాచిన గొలుసు ఇచ్చాడు; నేను కూడా నీ మనసులో చెయ్యి పెట్టను అన్న హామీ అది. 2010లో వచ్చిన 'రోజ్' అనే ఎపిసోడ్లో ఆ గొలుసు పోతుంది, డేమన్‌కి దొరుకుతుంది. రాత్రి ఆమె గదికి తీసుకొస్తాడు. వెంటనే ఇవ్వడు. నీకు చెప్పాల్సిందొకటుంది, ఒక్కసారైనా చెప్పాలి, నువ్వు వినాలి అంటాడు. ప్రేమిస్తున్నానని చెప్పి, నీకు నేను తగను, నా తమ్ముడు తగినవాడు అని నుదుటి మీద ముద్దు పెడతాడు. నువ్విది గుర్తుపెట్టుకోగలిగితే ఎంత బాగుండునో అన్నట్టు చూసి మరిచిపొమ్మంటాడు. కన్నీటి బొట్టు జారుతుంది. ఆమె కళ్లార్పేసరికి గదిలో ఎవరూ లేరు, గొలుసు మెడలో ఉంది.

డేమన్ చేసిన పనుల్లో నిస్వార్థమైనది ఇదేనని చాలామంది అంటారు. నాకు అంత సులువుగా మింగుడుపడదు. అతను తన ప్రేమని త్యాగం చేశాడు, నిజమే. ఆ త్యాగానికి వాడిన సరుకు మాత్రం ఆమె జ్ఞాపకం. ఇంకో తమాషా చూడండి. పదకొండేళ్ల ముందు, 1999 నవంబరులో, 'ఏంజెల్' సీరియల్లో ఇదే జరిగింది. వాంపైర్ ఏంజెల్ అనుకోకుండా మనిషైపోయి, తను ప్రేమించిన బఫీతో ఒక్క రోజు హాయిగా గడుపుతాడు. మనిషిగా ఉంటే ఆమెని కాపాడలేనని తెలుసుకుని, ఆమెని సంప్రదించకుండానే ఆ రోజుని కాలంలోంచి తుడిపించేస్తాడు. ఆఖరి నిమిషంలో సంగతి తెలిసి, మరిచిపోను మరిచిపోను అని ఆమె ఏడుస్తుండగానే మరిచిపోతుంది. గుర్తుండేది అతనికి, చూస్తున్న మనకి. వారంవారం వచ్చే సీరియల్‌కి ఇది అక్షయపాత్ర: ఆమెకి తెలియని ముచ్చట మనకి తెలుసు, ఎప్పుడు తెలుస్తుందా అని ఎదురుచూస్తాం. ఎలీనాకి తెలియడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. వాంపైర్ అయ్యాకే చెరిగిన జ్ఞాపకాలన్నీ తిరిగొచ్చాయి. అంటే స్టెఫాన్ ఆమె మాట విన్నందువల్ల, డేమన్ చెప్పి చెరిపేసినది ఆమెకి తెలిసింది. ఈ ముడి వేసినవాళ్లకి దణ్ణం పెట్టొచ్చు.

బఫీ పేరు వచ్చింది కాబట్టి ఆమె కథ కూడా చెప్పుకోవాలి. 'బఫీ ది వాంపైర్ స్లేయర్' 1997 మార్చి నుంచి 2003 మే దాకా 144 ఎపిసోడ్లు నడిచింది. అందులో ప్రధాన నియమం ఆత్మ. ఆత్మ లేని వాంపైర్‌కి మంచీచెడూ పట్టవు. ఏంజెల్‌కి శాపంగా ఆత్మ తిరిగొచ్చింది, సంపూర్ణంగా సుఖపడిన క్షణాన అది పోతుందని మెలిక. బఫీ పదిహేడో పుట్టినరోజు రాత్రి అది పోయింది, మర్నాడు అతను ఆమెని చులకన చేసి మాట్లాడతాడు. నిన్నటి ప్రేమికుడు తెల్లారేసరికి పరాయివాడైపోవడం ఎంతమంది ఆడపిల్లల అనుభవమో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఆత్మ తిరిగొచ్చినా, ఏంజెల్ ప్రేమంటే ఎప్పుడూ దూరంగా నిలబడటమే. నీ మంచికోసమే వెళ్లిపోతున్నానంటాడు. ఏది మంచో బఫీని అడగడు.

అదే సీరియల్లోని స్పైక్ అనే వాంపైర్ ఆ నియమాన్నే తప్పని చూపించాడు. అతనికి ఆత్మ లేదు, ప్రేమ మాత్రం నిలువునా కాల్చేస్తుంది. ప్రేయసి డ్రుసిల్లా వదిలేస్తే తాగి ఏడుస్తాడు, బఫీని ప్రేమించాక ఆమె చెల్లెలి రహస్యం చెప్పకుండా చిత్రహింసలు భరిస్తాడు. మరి ఆత్మతో పనేమిటి? 2002 మేలో వచ్చిన 'సీయింగ్ రెడ్' దానికి జవాబు. బాత్రూంలో బఫీ వద్దంటున్నా వినకుండా స్పైక్ ఆమె మీద బలవంతానికి దిగుతాడు. నేను నిన్ను ప్రేమిస్తున్నాను కాబట్టి నీకూ ఉండి తీరాలన్న అతని నమ్మకం చివరికి చేరింది అక్కడికి. సీరియల్ దాన్ని తీపి మాటలతో కప్పలేదు. తను చేసింది చూసుకుని అతనే బెదిరిపోయి, ఆఫ్రికా దాకా వెళ్లి, పరీక్షలకి నిలిచి ఆత్మ సంపాదించుకొస్తాడు. చిట్టచివరి ఎపిసోడ్లో బఫీ ప్రేమిస్తున్నానంటే, లేదులే, అన్నందుకు సంతోషం అని తోసేస్తాడు. కోరుకున్న మాట చేతికొచ్చినప్పుడు తీసుకోకపోవడం! ఏడు సీజన్ల కథలో నాకు ఎక్కువ నచ్చిన మలుపు ఇది.

'వాంపైర్ డైరీస్' వెనకబడేది ఇక్కడే. మొదటి సీజన్లో డేమన్ క్యారొలైన్ అనే అమ్మాయిని వశీకరణంతో లొంగదీసుకుని రోజుల తరబడి వాడుకుంటాడు, రక్తం తాగుతాడు, కండువాతో గాట్లు దాచుకోమంటాడు. ఆ లెక్క సీరియల్ సరిగా తేల్చనేలేదు. నటుడు అందగాడు, చమత్కారి; ప్రేక్షకులు మనసు పారేసుకున్నారు, కథ కూడా వాళ్ల వెంటే నడిచింది. నాలుగో సీజన్లో ఎలీనాని డేమన్ రక్తానికి కట్టుబడినదానిగా చూపించి, ఈ ప్రేమ ఆమెదా, రక్తానిదా అని మంచి ప్రశ్నే వేశారు. సీజన్ ముగిసేలోపు కట్టు తెంపేసి, ఆమెదే అని తేల్చి ఊరుకున్నారు. తొందరపడ్డారనే నా అభిప్రాయం.

ఆమె ఎవరిది అన్న ప్రశ్న మన కథల్లోనూ పాతదే. రిచర్డ్ బర్టన్ 1870లో మన బేతాళ కథల్ని ఇంగ్లీషులో రాసి ఆ పుస్తకానికి 'విక్రమ్ అండ్ ది వాంపైర్' అని పేరు పెట్టాడు. బేతాళుడు ప్రేమించడు, పీడిస్తాడు అంతే. అయినా ఆ కథల్లో మందారవతిది ఉంది. ఆమె చనిపోతే ప్రేమించిన ముగ్గురిలో ఒకడు ఆమె బూడిద మీదే పడుకున్నాడు, ఒకడు ఎముకలు తీర్థాలకి మోశాడు, ఒకడు దేశాలు తిరిగి మంత్రం తెచ్చి బతికించాడు. ఆమె ఎవరికి దక్కాలి? బతికించినవాడు తండ్రితో సమానం, ఎముకలు మోసినవాడు కొడుకుతో సమానం, బూడిదని వదలనివాడే భర్త అని విక్రమార్కుడు తేల్చేస్తాడు. ఈ తీర్పు ప్రకారం డేమన్‌కి చుక్కెదురే. మందారవతిని మాత్రం ఎవరూ అడగలేదు.

'వాంపైర్ డైరీస్' 171వ ఎపిసోడ్‌గా 2017 మార్చి 10న వచ్చిన ఆఖరి భాగంలో ఊరిని కాపాడాలంటే అన్నదమ్ముల్లో ఒకరు చావాలి. స్టెఫాన్ అప్పటికే మందు వల్ల మనిషయ్యాడు, క్యారొలైన్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఇన్నేళ్లకీ మారని డేమన్, తమ్ముడి కళ్లలోకి చూసి ఊరు వదిలి వెళ్లిపొమ్మని వశీకరణం ప్రయోగిస్తాడు. స్టెఫాన్ వెళ్లినట్టే నటిస్తాడు. వెర్వేన్ ముందే తీసుకున్నాడు. పైగా వాంపైర్‌ని మనిషిని చేసే మందు తన రక్తంలోంచి తీసి, అన్నకి ఎక్కించేశాడు. ఒకప్పుడు నీళ్లలో ఎలీనా తల ఊపితే వెనక్కి తగ్గినవాడు, అన్న దగ్గరికొచ్చేసరికి అన్న చేసే పనే చేశాడు. వాంపైర్‌గా ఉంటావా, మనిషివవుతావా అని డేమన్‌ని అడగలేదు. ఆ సమయానికి ఎలీనా మంత్రనిద్రలో ఉంది. క్యారొలైన్ ఎక్కడో ఫోను పట్టుకుని, తన భర్త వాయిస్ మెయిల్‌కి మాట్లాడుతోంది.